కలమజూ నేలమాళిగలో పుట్టిన జీర

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో కలమజూ అనే ఊరుంది. గిటార్ వాయించేవాళ్లకి ఆ పేరు గిబ్సన్ వల్ల తెలుసు. 1902లో ఆ ఊళ్లో మొదలైన గిబ్సన్ సంస్థ 1984 దాకా అక్కడి ఫ్యాక్టరీలో గిటార్లు తయారుచేసింది. అదే ఊళ్లో 1974లో ప్రో కో సౌండ్ అనే చిన్న సంస్థ పుట్టింది. స్టేజీ మీద వాడే కేబుళ్లు, ఆడియో సామాను వాళ్ల వ్యాపారం. గిటార్ ధ్వనిని మార్చే, కాలితో నొక్కే చిన్న పెట్టెలు, అంటే పెడళ్లు, వాళ్ల అసలు పని కాదు. అయితే అక్కడ పనిచేసే స్కాట్ బర్నమ్, స్టీవ్ కిరాలీ అనే ఇద్దరు ఇంజినీర్లకి వాటి మీద మోజు. ఫజ్ ఫేస్, డిస్టార్షన్ ప్లస్ లాంటి అప్పటి పెడళ్లని విప్పి బాగుచేసేవారు, లోపలి విడిభాగాలు మార్చి ధ్వనికి పదును పెట్టేవారు. కొంతకాలానికి, ఇతరుల డిజైన్లకి మెరుగులు దిద్దే బదులు తామే మొదటినుంచీ ఒకటి కట్టాలనిపించింది. వాళ్ల పనిచోటు భవనం అడుగున ఉన్న నేలమాళిగ. అక్కడ ఎలుకల బెడద విపరీతం. కొత్త పెడల్‌కి ర్యాట్ అనే పేరు అలా వచ్చింది.

1978లో తొలి విడతగా ఓ డజను దాకా, కొని తెచ్చిన మామూలు లోహపు డబ్బాల్లో చేత్తో కట్టి ఇచ్చారు. మరుసటి ఏడాది నుంచి వరసగా తయారీ మొదలైంది. 1984లో పెట్టె పరిమాణం తగ్గింది. 1988లో చిన్న ఎర్రదీపంతో ర్యాట్ 2 వచ్చింది. నేటికీ దుకాణాల్లో దొరికేది దాదాపు అదే. నల్లటి ఉక్కు డబ్బా, మూడు నాబ్‌లు, కాలితో నొక్కే ఒక స్విచ్. మూడు నాబ్‌ల పేర్లు డిస్టార్షన్, ఫిల్టర్, వాల్యూమ్. మూత తీస్తే ఒక చిప్, ఒక ట్రాన్సిస్టర్, ఒకదానికొకటి ఎదురుగా తిప్పి పెట్టిన రెండు డయోడ్లు, గుప్పెడు రెసిస్టర్లు, కెపాసిటర్లు. ఎలక్ట్రానిక్స్ చదివే విద్యార్థి ఒక సాయంత్రం కూర్చుంటే ఆ సర్క్యూట్ మొత్తం గీయగలడు. ఇంత తక్కువ సామానుతో ఇంత సొంత గొంతు ఉన్న వస్తువు మరొకటి డిస్టార్షన్ పెడళ్లలో నాకు కనబడలేదు. విలక్షణమైన డిస్టార్షన్ పెడల్ ఏది కొనాలి అని ఎవరైనా అడిగితే నేను ముందుగా దీని మూత తీసి చూపిస్తాను. పెడల్‌కి వ్యక్తిత్వం ఎక్కడినుంచి వస్తుందో ఇందులో కనిపించినంత స్పష్టంగా ఇంకెక్కడా కనిపించదు.

డిస్టార్షన్ అనే ఈ జీరని పుట్టించే పెడళ్ల కథ ఒక పొరపాటుతో మొదలైంది. 1961 నాటి మార్టీ రాబిన్స్ పాట ఒకటి నాష్‌విల్‌లో రికార్డు చేస్తుండగా, గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న బేస్ గిటార్ వెళ్లే మిక్సింగ్ చానల్ చెడిపోయి బరబరమనే ధ్వని వచ్చింది. దాన్ని తీసేయకుండా పాటలో అలాగే ఉంచారు. ఇంజినీరు గ్లెన్ స్నాడీ ఆ ధ్వనిని కావాలనుకున్నప్పుడు పుట్టించే సర్క్యూట్ తయారుచేస్తే, దాన్ని గిబ్సన్ 1962లో మాయెస్ట్రో ఫజ్ టోన్ పేరుతో అమ్మకానికి పెట్టింది. 1965లో రోలింగ్ స్టోన్స్ పాట ‘సాటిస్‌ఫ్యాక్షన్’లో కీత్ రిచర్డ్స్ దాన్ని వాడాక ఫజ్ అనేది ప్రపంచమంతటికీ తెలిసింది. మన చెవికి మాత్రం ఇది పూర్తిగా పరాయి రుచేమీ కాదు. తంబురా బ్రిడ్జి మీద తీగ కింద సన్నటి దారం పెట్టి, ముందుకీ వెనక్కీ జరిపి, తీగ గుంయ్‌మని పలికే చోటు వెతుకుతారు కదా. దారం లేని తంబురా శుద్ధంగానే పలుకుతుంది గానీ అందులో నిండుతనం ఉండదు. దారం తాకగానే ఒక్క స్వరం లోంచి దాని పై స్వరాలన్నీ బయటికొస్తాయి. డిస్టార్షన్ పెడల్ ఆ దారం చేసే పనినే కరెంటుతో, మరింత మొరటుగా చేస్తుంది.

మొరటుగా అంటే ఎలాగో కొంచెం వివరంగా చెప్పాలి. గిటార్ తీగ కదలికని పికప్ చిన్న విద్యుత్ తరంగంగా మారుస్తుంది. దాని ఎత్తు సుమారు వోల్టులో పదో వంతు. ఆ తరంగాన్ని ముందు బాగా పెంచి, ఆ తర్వాత దాని తలని, పాదాన్ని అడ్డంగా కోసేస్తే గుండ్రటి కొండలు చదునైన దిబ్బలవుతాయి. రెండు పక్కలా సమానంగా కోస్తే అసలు స్వరానికి మూడు రెట్లు, అయిదు రెట్లు, ఏడు రెట్లు ఉండే బేసి స్వరాంశాలు కొత్తగా పుడతాయి. 110 హెర్ట్జ్ దగ్గర పలికే ఎ తీగని మీటితే 330, 550, 770 హెర్ట్జ్‌లు అదనంగా వినబడతాయన్న మాట. డిస్టార్షన్ పెడళ్లన్నీ చేసేది ఇదే. ఎంత పెంచాలి, ఏ భాగాన్ని ఎక్కువ పెంచాలి, ఎంత నిక్కచ్చిగా కోయాలి, కోశాక మిగిలినదాన్ని ఏం చేయాలి అన్న చోట్ల తేడా వస్తుంది. ర్యాట్‌లో ఈ నాలుగింటికీ ఇచ్చిన జవాబులు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడి ఉంటాయి. నా ముచ్చటంతా అక్కడే.

మొదట చిప్ సంగతి. పాత ర్యాట్‌లలో ఉన్నది ఎల్ఎం308. నేషనల్ సెమీకండక్టర్‌లో బాబ్ విడ్లర్ అనే అసాధారణ ఇంజినీరు 1960ల చివర్లో రూపొందించిన ఎల్ఎం108 కుటుంబంలోది. దాన్ని సంగీతం కోసం చేయలేదు. అతి సన్నని విద్యుత్ సంకేతాలని కల్తీ లేకుండా కొలిచే ప్రయోగశాల పరికరాల కోసం చేశారు. లోపలికి వచ్చే సిగ్నల్ నుంచి అది లాక్కునే కరెంటు అతి స్వల్పం. అంత నిదానం, అంత నమ్మకం దానిది. ఆ నిదానమే దాని లోటు కూడా. ఒక మైక్రోసెకనులో దాని ఔట్‌పుట్ కదలగలిగేది సుమారు 0.3 వోల్టులు. ఆడియో సామానులో విరివిగా వాడే టీఎల్072 చిప్ అదే వ్యవధిలో 13 వోల్టులు కదులుతుంది. పుస్తకం చూసి డిజైన్ చేసే ఇంజినీరెవరూ గిటార్ కోసం, అందులోనూ వేల రెట్లు పెంచే పనికి, ఎల్ఎం308ని ఎంచుకోడు. బర్నమ్, కిరాలీ దాన్ని అక్కడే పెట్టారు. దానిచేత మోయించిన బరువు చూడండి.

చిప్ ఎన్ని రెట్లు పెంచాలో నిర్ణయించేది దాని చుట్టూ ఉన్న రెసిస్టర్లు. ర్యాట్‌లో అందుకోసం రెసిస్టర్, కెపాసిటర్ ఉన్న శాఖలు రెండున్నాయి. ఒకదాంట్లో 560 ఓమ్‌ల రెసిస్టర్, 4.7 మైక్రోఫారడ్ కెపాసిటర్. రెండోదాంట్లో 47 ఓమ్‌ల రెసిస్టర్, 2.2 మైక్రోఫారడ్ కెపాసిటర్. మొదటి శాఖ 60 హెర్ట్జ్ నుంచే పూర్తిగా పనిచేస్తుంది, అంటే గిటార్ కింది తీగ మొత్తం దాని పరిధిలోకి వస్తుంది. రెండోది మెల్లగా అందుకుని 1,500 హెర్ట్జ్ దాటాక పూర్తి బలం చూపిస్తుంది. డిస్టార్షన్ నాబ్‌ని పూర్తిగా తిప్పితే, మొదటి శాఖ ఒక్కటే ఉన్నట్టయితే పెంపు సుమారు 180 రెట్లు. రెండూ కలిస్తే లెక్క ప్రకారం 2,300 రెట్లు. వోల్టులో పదో వంతుని 2,300తో గుణిస్తే 230 వోల్టులు. పెట్టెలో ఉన్నది తొమ్మిది వోల్టుల బ్యాటరీ. కాబట్టి తరంగం తల బ్యాటరీ కప్పుకి కొట్టుకుని అక్కడే చదునవుతుంది.

ఇంతకన్నా ఆసక్తికరమైన విషయం మరొకటుంది. సర్క్యూట్ అడిగిన 2,300 రెట్లని పైస్వరాల దగ్గర ఆ చిప్ ఇవ్వలేదు. వేగం చాలదు. కింది స్వరాలని ఒక మోతాదులో, పై స్వరాలని విపరీతంగా పెంచమని రెసిస్టర్లు ఒత్తిడి చేస్తాయి. పైకి వెళ్లేకొద్దీ చిప్ చేతులెత్తేస్తుంది. ఈ రెండు ఒత్తిళ్లూ కలిసే మధ్య ప్రాంతంలో, మనిషి గొంతు గట్టిగా వినిపించే ఆ మధ్యస్థాయిలో, బలమంతా పోగవుతుంది. ర్యాట్ ఎంత గరుకుగా ఉన్నా చెవిలో సూదిలా గుచ్చుకోకపోవడానికి, దాని అరుపులో ఒక మనిషితనం ఉండటానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం. ఈ పెడల్ గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా చిప్ నెమ్మదితనం వల్ల తరంగపు అంచులు వాలుగా వస్తాయన్న సంగతే చెబుతారు. అది నిజమే. కానీ ఆ వాలు అంచులని వెనకనున్న డయోడ్లు మళ్లీ నిటారుగా కోసేస్తాయి. కోతకి ముందే పైస్వరాలు పస్తుండటం మాత్రం ఆ తర్వాత దేనితోనూ చెరగదు.

డయోడ్లు వెలకి చాలా చిన్నవి. 1ఎన్914 రకం సిలికాన్ డయోడ్లు రెండు. చిప్ నుంచి వచ్చిన సిగ్నల్ వెయ్యి ఓమ్‌ల రెసిస్టర్ దాటి వీటి దగ్గరికి వస్తుంది. అటు ఇటు సుమారు 0.6 వోల్టులు దాటినదంతా ఇవి నేలకి, అంటే గ్రౌండ్‌కి, మళ్లించేస్తాయి. ఐబనెజ్ ట్యూబ్ స్క్రీమర్‌లో ఇవే రకం డయోడ్లు చిప్ చుట్టూ తిరిగే దారిలో ఉంటాయి. అక్కడ అవి కోయకుండా వంచుతాయి, తరంగం తల కొంచెం గుండ్రంగా మిగిలిపోతుంది. ర్యాట్‌లో అవి వాకిట్లో నిలబడి నిక్కచ్చిగా కోస్తాయి. అందుకే నాబ్ పూర్తిగా తిప్పినప్పుడు ఇక్కడ జరిగేది ఒక కోత కాదు, రెండు. చిప్ లోపల బ్యాటరీ హద్దు దగ్గర ఒకటి, బయట డయోడ్ల దగ్గర ఇంకొకటి. నాబ్ తగ్గిస్తే మొదటిది పూర్తిగా మాయమై రెండోదే మిగులుతుంది. ఇంకా తగ్గించి చివరిదాకా తెస్తే చిప్ సిగ్నల్‌ని అసలు పెంచదు. శుభ్రమైన గిటార్ ధ్వనే దాదాపుగా బయటికొస్తుంది. ఒకే నాబ్ తిప్పుతూ శుభ్రమైన ధ్వని నుంచి సన్నటి గరుకుదనానికి, అక్కడినుంచి గర్జనకి, చివరికి ఫజ్ లాంటి మందపాటి హోరుకి వెళ్లవచ్చు. వేర్వేరు పెడళ్లు కొంటే గానీ రాని ప్రయాణం అది.

ఇక ఫిల్టర్. నాకు ఈ పెట్టెలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. గిటార్‌లోనూ యాంప్‌లోనూ టోన్ నాబ్‌ని కుడికి తిప్పితే ధ్వని వెలుగెక్కుతుంది. ర్యాట్ ఫిల్టర్‌ని కుడికి తిప్పితే చీకటి కమ్ముతుంది. మొదటిసారి పట్టుకున్నవాళ్లంతా తికమకపడతారు. నాలుగు రోజులకి చేతికి అలవాటవుతుంది. ఇందులో ఉన్నదల్లా ఒక లక్ష ఓమ్‌ల నాబ్, దానికి తోడు 1,500 ఓమ్‌ల రెసిస్టర్, నేలకి వెళ్లే 3.3 నానోఫారడ్ కెపాసిటర్ ఒకటి. నాబ్ ఎడమ కొసన ఉంటే కోత మొదలయ్యేది సుమారు 32,000 హెర్ట్జ్ దగ్గర. అంటే మన చెవి పరిధికి అవతల. ఏదీ కోయనట్టే. కుడి కొసకి తెస్తే 475 హెర్ట్జ్ దగ్గరే కోత మొదలవుతుంది. అంటే గిటార్ మీద వాయించే పై స్వరాల మూలధ్వనులే తగ్గడం మొదలవుతాయి. అయినా వాలు మెత్తనిది కనుక పైస్వరాలు ఒక్కసారిగా మాయం కావు, దూరం జరుగుతున్నట్టు సన్నగిల్లుతాయి. నాబ్‌ని మెల్లగా తిప్పుతూ ఒకే స్వరాన్ని పట్టి ఉంచితే గిటార్ నోరు ‘ఈ’ నుంచి ‘ఆ’కి, ‘ఆ’ నుంచి ‘ఓ’కి, చివరికి ‘ఊ’కి మారుతున్నట్టు ఉంటుంది. డిస్టార్షన్ ఎంత ఉన్నా ఈ ఒక్క నాబ్‌తో దాన్ని ఏ యాంప్‌కైనా, ఏ గదికైనా నప్పించవచ్చు. బేస్, మిడ్, ట్రెబుల్ అని మూడేసి నాలుగేసి నాబ్‌లున్న పెడళ్లు వాడి చూశాను. అవి ఇచ్చే స్వేచ్ఛలో చెడగొట్టుకునే స్వేచ్ఛ కూడా ఎక్కువే. ర్యాట్ ఫిల్టర్‌ని ఎక్కడ పెట్టినా అది పనికొచ్చే ధ్వనే అవుతుంది. ఒక నాబ్ తిరిగే మేర అంతా ఉపయోగపడేలా విలువలు ఎంచడంలో ఎంత శ్రమ ఉందో, సొంతంగా సర్క్యూట్లు సోల్డర్ చేసినవాళ్లకి తెలుస్తుంది.

ఫిల్టర్ వెనక ఒకే ఒక్క ట్రాన్సిస్టర్, 2ఎన్5458. అది ధ్వనిని పెంచదు, మార్చదు. ఫిల్టర్ నుంచి వచ్చిన సున్నితమైన సిగ్నల్‌ని, బయట ఉన్న వాల్యూమ్ నాబ్, పొడవాటి కేబుల్ లాగేసి నీరసపరచకుండా మధ్యలో నిలబడి కాపాడుతుంది. అది లేకపోతే ఫిల్టర్ తిప్పినప్పుడల్లా ధ్వని బలం కూడా మారిపోయేది. చౌకగా చేయాలనుకున్నవాళ్లు మొదట తీసేసే భాగం ఇదే. ర్యాట్ చేసినవాళ్లు కేబుళ్లు అమ్ముకునే సంస్థ వాళ్లు కాబట్టి దాన్ని ఉంచారు, కేబుల్ సిగ్నల్‌ని ఏం చేస్తుందో వాళ్లకి ఇంకెవరికన్నా బాగా తెలుసు.

ఇలాంటి పెడల్‌తో ఏది వాయిస్తే బాగుంటుందన్నది కూడా సర్క్యూట్‌లోంచే వస్తుంది. రెండు స్వరాలని ఒకేసారి పంపితే కోత వాటిని విడివిడిగా చూడదు. రెండూ కలిసిన తరంగాన్ని కోస్తుంది. దాంతో గిటార్ మీద ఎవరూ మీటని కొత్త స్వరాలు పుడతాయి. 110 హెర్ట్జ్ షడ్జం, 165 హెర్ట్జ్ పంచమం కలిపి మీటామనుకోండి. 110ని రెట్టింపు చేసి 165 తీసేస్తే 55. అది కింది స్థాయి షడ్జం. 165ని రెట్టింపు చేసి 110 తీసేస్తే 220. అది పై స్థాయి షడ్జం. పుట్టిన రెండూ షడ్జాలే కనుక ధ్వని రెండింతలు పెద్దదై, నేలలోంచి వచ్చినట్టు ఉంటుంది. రాక్ సంగీతమంతా పవర్ కార్డ్‌ల మీద, అంటే షడ్జ పంచమాల జంట మీద నిలబడటానికి ఇదొక గట్టి కారణం. అదే షడ్జంతో అంతర గాంధారం కలిపితే గిటార్ శ్రుతిలో అది 138.6 హెర్ట్జ్. ఇప్పుడు పుట్టేవి 81.4, 167.2. రెండూ పంచమానికి దగ్గరగా వచ్చి, ఒకటి కొంచెం దిగి, ఇంకొకటి కొంచెం ఎక్కి, ఒకదానితో ఒకటి పోట్లాడతాయి. డిస్టార్షన్‌లో నిండు కార్డ్‌లు బురదగా వినిపించడం ఇందువల్ల. ర్యాట్ కోత నిక్కచ్చిది కనుక ఈ పోట్లాటని అది దాచదు. నాబ్‌ని సగానికి తగ్గించి, గిటార్ మీది వాల్యూమ్ కూడా కొంచెం తగ్గిస్తే గాంధారం మళ్లీ తేటపడుతుంది. కుడిచేతి బలానికి ఈ పెడల్ ఎంత బాగా స్పందిస్తుందో తెలిసేది అప్పుడే. మెల్లగా మీటితే తేటగా, గట్టిగా మీటితే జీరగా పలుకుతుంది.

ఇది జాజ్ వాయించేవాళ్లకి కూడా నచ్చడంలో అందుకే ఆశ్చర్యం లేదు. జాన్ స్కోఫీల్డ్, బిల్ ఫ్రిసెల్ ఇద్దరూ ర్యాట్ వాడినవాళ్లే. స్కోఫీల్డ్ వాయిద్యంలో ఒక్కొక్క స్వరం చివర కొద్దిపాటి పొగరు, సాక్సఫోన్ వాద్యకారుడు ఊపిరి బిగించినట్టు వినబడుతుంది. బ్లర్ బృందంలోని గ్రాహమ్ కాక్సన్ చేతిలో ఇదే పెట్టె పాప్ పాట మధ్యలో ఒక్కసారిగా గోడ కూలినట్టు విరుచుకుపడుతుంది. సన్ అనే అమెరికన్ బృందం ఒక్కో కార్డ్‌ని నిమిషాల తరబడి మోగిస్తూ వాయిస్తుంది. వాళ్ల ధ్వనికి మూలాల్లో ర్యాట్ ఉంది. ఒహాయో రాష్ట్రపు యాక్రన్‌లోని ఎర్త్‌క్వేకర్ డివైసెస్ వాళ్లు ఆ బృందంతో కలిసి ఎల్ఎం308 ఆధారంగా లైఫ్ పెడల్ అని ప్రత్యేకంగా ఒకటి చేశారు. ఈ మూడు రకాల సంగీతాలకీ పోలికే లేదు. అయినా మూడు చోట్లా ఆ మధ్యస్థాయి గురగుర మాత్రం గుర్తుపట్టవచ్చు.

అయితే విలక్షణత ఒక్క ర్యాట్ సొత్తేం కాదు. న్యూయార్క్‌లో మైక్ మాథ్యూస్ స్థాపించిన ఎలక్ట్రో హార్మోనిక్స్ 1969లో తెచ్చిన బిగ్ మఫ్‌కి నాలుగు ట్రాన్సిస్టర్లు ఉంటాయి. స్వరం ఎంతసేపైనా నిలబడుతుంది, పట్టులా జారుతుంది. కానీ మధ్యస్థాయిని లోపలికి తోసేస్తుంది. ఇంట్లో ఒంటరిగా వాయిస్తే మహా వైభవంగా ఉండే ఆ ధ్వని, డ్రమ్స్, బేస్, మరో గిటార్ తోడయ్యేసరికి వెనక్కి వెళ్లిపోతుంది. ట్యూబ్ స్క్రీమర్ అందుకు సరిగ్గా విరుద్ధం. సుమారు 720 హెర్ట్జ్ చుట్టూ మధ్యస్థాయిని ముందుకి తెస్తుంది. అప్పటికే వేడెక్కిన ట్యూబ్ యాంప్‌కి అది గొప్ప తోడు, ఒంటరిగా మాత్రం పలచన. ఇక బాస్ హెచ్ఎం-2. 1983లో జపాన్‌లో మొదలై 1991లో తయారీ ఆగిపోయిన ఆ పెడల్‌ని, స్టాక్‌హోమ్‌లోని సన్‌లైట్ స్టూడియోలో టోమాస్ స్కోగ్స్‌బర్గ్ దగ్గర రికార్డు చేసిన ఎంటూమ్‌డ్ లాంటి కుర్రాళ్ల బృందాలు నాబ్‌లన్నీ చివరిదాకా తిప్పి వాడాయి. రంపం కోతలాంటి ఆ ధ్వని స్వీడన్ డెత్ మెటల్‌కి గుర్తింపు ముద్ర అయింది. ఆ సంగీతమే వాయించాలంటే దానికి మరో ప్రత్యామ్నాయం లేదు. అది తప్ప ఇంకేదైనా వాయించాలంటే దాన్ని కొనకూడదు. ర్యాట్ విషయంలో ఆ ఇబ్బంది లేదు. గట్టి స్వభావం ఉండీ అన్ని చోట్లా ఇమిడిపోవడం అరుదు. అందుకే మొదటి పెడల్‌గానైనా, ఉన్నవాటికి తోడుగానైనా నేను దీన్నే సిఫారసు చేస్తాను.

ఏ పెడల్ ఎంచుకున్నా దుకాణంలో వినే పద్ధతి మార్చుకోవాలి. సొంత గిటార్ తీసుకెళ్లండి. ఇంట్లో ఉన్న యాంప్ రకమే అక్కడా అడగండి. చాలామంది నాబ్‌లన్నీ చివరికి తిప్పి, తమకి బాగా వచ్చిన ముక్క వేగంగా వాయిస్తారు. ఆ హోరులో అన్ని పెడళ్లూ ఒకేలా ఉంటాయి. డిస్టార్షన్‌ని పావు వంతు దగ్గర పెట్టి ఒకే స్వరం మీటి, అది ఆరిపోయేదాకా కదలకుండా వినండి. బలం తగ్గేకొద్దీ జీర ఎలా విడిపోతోంది? మెల్లగా తేటపడుతోందా, చిటపటలాడి తెగిపోతోందా? పెడల్ గుణమంతా ఆ తోకలోనే తెలుస్తుంది. తర్వాత గిటార్ వాల్యూమ్‌ని సగానికి తగ్గించి మళ్లీ అదే స్వరం. తర్వాత షడ్జ పంచమాలు, ఆపైన నిండు కార్డ్. చివరగా పెడల్‌ని ఆపి, మళ్లీ వేసి చూడండి. ఆపినప్పటి ధ్వని కన్నా వేసినప్పటిది కొంచెం బిగ్గరగా ఉంటే చాలు అది మెరుగ్గా ఉందని చెవి పొరబడుతుంది. వాల్యూమ్ నాబ్‌తో రెండింటినీ సమానం చేశాకే తీర్పు చెప్పాలి.

ఇంకో విషయం, ముఖ్యంగా మన ఇళ్లల్లో వాయించేవాళ్లకి. వందల రెట్లు పెంచే పెట్టె గిటార్‌నే కాదు, గోడలోని కరెంటుని కూడా పెంచుతుంది. 50 హెర్ట్జ్ కరెంటు ఝుంకారం సింగిల్ కాయిల్ పికప్‌లున్న గిటార్లలో మరీ వినబడుతుంది. ఎర్తింగ్ సరిగా లేని పాత ఫ్లాట్లలో ఇంకా ఎక్కువ. హంబకర్ పికప్‌లయితే చాలావరకు తగ్గుతుంది. చౌక అడాప్టర్ కన్నా తొమ్మిది వోల్టుల బ్యాటరీ నిశ్శబ్దంగా ఉంటుంది. ర్యాట్ తాగే కరెంటు బాగా తక్కువ కాబట్టి బ్యాటరీ చాలాకాలం వస్తుంది.

ఇక ఏ ర్యాట్ అన్న ప్రశ్న. 2000ల మొదట్లో ప్రో కో ఎల్ఎం308 బదులు ఓపీ07 అనే చిప్ వాడటం మొదలుపెట్టింది. 2008లో తయారీ చైనాకి వెళ్లింది. అప్పటినుంచి పాత చిప్ ఉన్న పెట్టెలకి ధరలు పెరిగాయి, నకిలీ చిప్‌లు కూడా మార్కెట్లోకి వచ్చాయి. నా మటుకు ఈ ఆరాటంలో ఎక్కువ భాగం అనవసరం. ఓపీ07 కూడా కొలత పనుల కోసం చేసిన నిదానపు చిప్పే, దాని వేగమూ మైక్రోసెకనుకి 0.3 వోల్టులే. పాత చిప్ బదులు వేగమైనదేదో తెచ్చి పెట్టి ఉంటే పెడల్ స్వభావం మారిపోయేది. అదే కోవలోది వెతికి పెట్టారంటే, మార్చినవాళ్లకి ఆ సర్క్యూట్ దేని మీద నిలబడిందో తెలుసన్న మాట. రెండూ పక్కపక్కన పెట్టి వింటే పాతదాంట్లో కోత తర్వాత కొంచెం మందం ఉన్నట్టనిపిస్తుంది. బృందంతో కలిసి వాయించేటప్పుడు ఆ తేడా పట్టుకోవడం కష్టం. డయోడ్లు మారిస్తే వచ్చే తేడా ఇంతకన్నా చాలా పెద్దది. 1989లో వచ్చిన టర్బో ర్యాట్‌లో సిలికాన్ డయోడ్ల బదులు ఎర్ర ఎల్ఈడీలు కోత పని చేస్తాయి. వాటి హద్దు ఎక్కువ కనుక తరంగం పెద్దదిగా, తక్కువ నలిగి బయటికొస్తుంది. ధ్వని బిగ్గరగా, విచ్చుకున్నట్టుగా ఉంటుంది. యూ డర్టీ ర్యాట్‌లో జర్మేనియం డయోడ్లు. వాటి హద్దు తక్కువ, ధ్వని మెత్తగా, కొంచెం నలిగినట్టుగా ఉంటుంది. ఇలాంటి రకాలు పోగుపడి, చివరికి జేహెచ్ఎస్ సంస్థ తొమ్మిది ర్యాట్‌ల గొంతులని ఒకే పెట్టెలో పెట్టి ప్యాక్ ర్యాట్ అని అమ్మింది.

సేకరించాలనుకునేవాళ్లకి ఆ తొమ్మిదీ ముచ్చటే. వాయించాలనుకునేవాళ్లు మామూలు ర్యాట్ 2 కొత్తది కొనుక్కుంటే సరిపోతుంది. యాంప్ బిగ్గరగా పెట్టుకునే వీలుండి, తేటదనం ఎక్కువ కావాలంటే టర్బో. పాత పెట్టె వాడినది దొరికితే కొనే ముందు దాని అడాప్టర్ రంధ్రం చూసుకోండి. అప్పటి పిన్ ఇప్పటి పెడళ్ల పిన్‌కి సరిపోదు, మార్పిడి ముక్క ఒకటి కావాలి. ఇంటికి తెచ్చాక డిస్టార్షన్ పావు వంతు దగ్గర, ఫిల్టర్ సగం దగ్గర, వాల్యూమ్ యాంప్ ధ్వనికి సమానంగా పెట్టి మొదలుపెట్టండి. ముందు ఫిల్టర్‌ని మాత్రమే కదపండి, డిస్టార్షన్ జోలికి తర్వాత వెళ్లవచ్చు.